స్పోలియేషన్ అంటే దోపిడీయా, సాక్ష్యాన్ని మాయం చేయడమా?

ప్రశ్న:
స్పోలియేషన్ అనే న్యాయపదానికి ఒకచోట దోపిడీ అనీ, మరొకచోట సాక్ష్యాధారాలను ధ్వంసం చేయడం లేదా తారుమారు చేయడం అనీ అర్థం కనిపిస్తోంది. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరింది? అజాగ్రత్త వల్ల ఒక పత్రం పోయినా దాన్ని ఈ పేరుతోనే వ్యవహరిస్తారా? తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి సమాధానం:
లాటిన్ మూలానికి ఒలిచివేయడం, కొల్లగొట్టడం అని అర్థం. ఆ పాత అర్థం నౌకా వ్యవహారాల్లో చాలాకాలం నిలిచింది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి సాయుధ నౌకలు పట్టుకున్న అమెరికా వర్తక నౌకల నష్టపరిహార వ్యవహారానికి ఫ్రెంచి స్పోలియేషన్ క్లెయిములు అనే పేరు. అదే నౌకా న్యాయంలో, ఓడ ఎవరిదో, సరుకు ఎవరిదో తెలిపే కాగితాలను చించివేసినా సముద్రంలో పారవేసినా దాన్నీ స్పోలియేషన్ అనే అన్నారు. ఎదుటివారికి దక్కవలసిన రుజువును కాజేయడమూ ఒక దోపిడీయే కదా.

రెండవ సమాధానం:
ఈ రెండర్థాలూ ఒకే చేతలో కలిసిన వ్యాజ్యం ఇంగ్లండులో 1722 నాటి ఆర్మరీ వర్సెస్ డెలామిరీ. పొగగొట్టాలు శుభ్రం చేసే ఒక కుర్రవాడు తనకు దొరికిన నగను కంసాలి దుకాణానికి తీసుకువెళ్తే, అక్కడి పనివాడు తూకం వేసే నెపంతో రాళ్లు ఊడదీసి, ఉత్త చట్రాన్ని తిరిగి ఇచ్చాడు. రాళ్లు పోయాయి, వాటి విలువకు రుజువూ వాటితోనే పోయింది. కుర్రవాడు దావా వేయగా, ప్రతివాది అయిన కంసాలి ఆ రాళ్లను చూపకపోతే, ఆ చట్రంలో ఇమిడే వాటిలోకెల్లా మేలైన రాళ్లే ఉండేవని భావించి నష్టం లెక్కకట్టమని న్యాయమూర్తి జ్యూరీని ఆదేశించారు. సాక్ష్యాన్ని మాయం చేసినవాడికి వ్యతిరేకంగానే ఊహించాలన్న సూత్రానికి నేటికీ ఉదాహరించేది ఈ తీర్పునే.

మూడవ సమాధానం:
అజాగ్రత్త విషయానికి వస్తే, ఆ పేరు వాడడం ఒకటి, దాని ఫలితం మరొకటి. అమెరికా ఫెడరల్ (కేంద్ర) కోర్టుల్లో సివిల్ దావాలు నడిపే నిబంధనల్లోని 37(ఇ), 2015 సవరణ తర్వాత, ఎలక్ట్రానిక్ సమాచారం గురించి ఈ తేడాను స్పష్టంగా చెబుతుంది. దావా రావచ్చని తెలిసి భద్రపరచవలసిన సమాచారం తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల పోయి, మరోచోట నుంచి దొరకకపోతే, ఎదుటి పక్షానికి కలిగిన నష్టం సరిదిద్దేంతవరకే కోర్టు చర్య తీసుకుంటుంది. ఆ సమాచారం ఎదుటివారికి దక్కకూడదన్న ఉద్దేశంతోనే చేశారని తేలినప్పుడు మాత్రమే వ్యతిరేక ఊహ, దావా కొట్టివేత వంటి కఠిన చర్యలు ఉంటాయి. పాత ఈమెయిళ్లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు మామూలుగా తప్పు కాదు. దావా రాబోతోందని తెలిశాక కూడా దాన్ని ఆపకపోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
దావా దాఖలు కాకముందే ఆ బాధ్యత పుడుతుందన్నమాట. నాకున్న సందేహం అదే; తీరింది, కృతజ్ఞతలు.