బడిలో అన్ని మతాల గురించి పాఠం పెట్టాలా?

సీమ పిల్లోడు:
ఆరో తరగతి నుంచి వారానికో పీరియడ్ పెట్టాలని నా వాదన. పక్కింటివాళ్లు రోజా ఎందుకుంటారో, ఈస్టర్‌కి ముందు శ్రమదినాల్లో చర్చికి ఎందుకెళ్తారో తెలీకుండానే మనోళ్లకి డిగ్రీ అయిపోతోంది. ఏమంటారు?

నెల్లూరు అక్క:
దానికి పాఠం దేనికి తమ్ముడూ? మొహర్రం రోజుల్లో మా స్వర్ణాల చెరువు దగ్గరికి, రొట్టెల పండక్కి వచ్చి చూడు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె... కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కావాల్సినవాళ్లు పుచ్చుకుంటారు. ఇచ్చేవాళ్లది ఏ మతమని ఎవరూ అడగరు. బారా షహీద్ దర్గాకి వచ్చేవాళ్లలో హిందువులు బోలెడుమంది. వాళ్లంతా ఏ సిలబస్ చదివారు?

సీమ పిల్లోడు:
కాదనను అక్కా. మా అనంతపురం వైపు గూగూడులో మొహర్రం పీరు కుళ్లాయిస్వామికి మొక్కేవాళ్లూ అన్ని మతాలవాళ్లే. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, వెంకన్న భార్య బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని. కానీ పండగ ఏడాదికోసారే. వాట్సాప్ రోజూ వస్తుంది.

లా స్టూడెంట్:
చట్టం అడ్డు రాదు. ఆర్టికల్ 28(1) ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బళ్లలో మతబోధ కుదరదు. అయితే మతాల గురించి చదివించడం దాని కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పాత పంతులు:
కోర్టు ఒప్పుకుంది సరే, చెప్పేదెవరు బాబూ? తన మతం గురించి చెప్పేటప్పుడు మాస్టారి మొహం వెలిగిపోయి, ఎదుటివాళ్లది వచ్చేసరికి మూతి వంకర తిరిగితే, పిల్లలకి గుర్తుండేది ఆ మూతే. మార్కులు పెడితే బట్టీ, పెట్టకపోతే ఆ పీరియడ్ లెక్కల మాస్టారు లాగేసుకుంటాడు.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత సిక్కుల్నీ బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన పల్లెల్లో ఆదివారం చర్చికి వెళ్లే ఎందరో పిల్లల సర్టిఫికెట్‌లో ‘హిందూ’ అనే ఉంటుంది. "మీ ఇంట్లో ప్రార్థన ఎలా చేస్తారో చెప్పమ్మా" అని టీచర్ మంచి మనసుతోనే లేపి అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? నిజం చెబితే ఇంట్లోవాళ్లకి టెన్షన్. అబద్ధం చెబితే, సామరస్యం పాఠంలో నేర్చుకున్నది అదే.

సీమ పిల్లోడు:
ఇది నాకు తట్టలేదు మాస్టారూ. అయితే పిల్లల్ని ఏమీ అడగొద్దు. పూజారిని, ఇమామ్‌ని, పాస్టర్‌ని బడికి పిలిపిద్దాం. పిల్లలే వాళ్లని ప్రశ్నలు అడుగుతారు.

పాత పంతులు:
పిల్లలు అడిగేది "మా వీధివాళ్లని గుళ్లోకి ఎందుకు రానివ్వరు" అనే. ఆ జవాబుకి సిద్ధపడి వచ్చేవాళ్లనైతే పిలువు.

నెల్లూరు అక్క:
పైగా ముగ్గురూ మగాళ్లే. రొట్టెలు కాల్చేది మేము, చర్చిలో పాట ఎత్తుకునేది మేము, మాట్లాడ్డానికి మాత్రం వాళ్లు. ముందు ఆ లిస్టు మార్చు తమ్ముడూ.