మాడ్యూళ్లు వాటంతటవే లోడ్ కావడం ఆపేయాలా? ల్యాబ్ మెషీన్ల గురించి సలహా కావాలి

అమలాపురం_ల్యాబ్:
మా కాలేజీ ల్యాబ్‌లో అన్నీ ఉబుంటు (లైనక్స్) మెషీన్లు. పిల్లలకి మామూలు లాగిన్లే, సుడో (అడ్మిన్ హక్కు) లేదు. ఆడిట్‌కి వచ్చినాయన, బూట్ అయ్యాక ‘మాడ్యూల్స్_డిజేబుల్డ్’ సెట్టింగ్‌ని 1 చేయమని రాసి వెళ్లారు. అది పెడితే మళ్లీ రీబూట్ చేసేదాకా రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కూడా కొత్త మాడ్యూల్ (కెర్నల్‌కి, అంటే సిస్టం గుండెకాయకి, తగిలించే డ్రైవర్ లాంటి ముక్క) ఎక్కించలేడు, ఉన్నది దించలేడు. అంత అవసరమా అండీ?

రావులపాలెం_రూట్:
అక్కర్లేదు. మామూలు యూజర్ మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) కొడితే పర్మిషన్ లేదని చెప్పేస్తుంది. ఆడిట్ వాళ్లు ఏదో ఒకటి రాయకపోతే బిల్లు ఎలా పెడతారు?

పాలకొల్లు_ప్యాకెట్:
వాడు మోడ్‌ప్రోబ్ కొట్టక్కర్లేదండీ, అదే అసలు గొడవ. మామూలు ప్రోగ్రాం ఒక సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కి కొస) అడుగుతుంది. ఆ ప్రోటోకాల్ అప్పటికి లోడై లేకపోతే కెర్నలే రూట్ హోదాలో మోడ్‌ప్రోబ్‌ని నడిపి మాడ్యూల్ తెచ్చిపెడుతుంది. కాలవ తూము తాళం లస్కరు (నీళ్లు వదిలే ఉద్యోగి) దగ్గరే ఉంది, కానీ దారిన పోయేవాడు ఎవడడిగినా ఆయనే వచ్చి తలుపెత్తుతున్నాడు.

2017 ఫిబ్రవరిలో ఆండ్రే కొనొవలోవ్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు బయటపెట్టిన, డీసీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్‌లోని బగ్ (సీవీఈ-2017-6074) ఇలాంటిదే. ఆ ప్రోటోకాల్‌ని మనలో ఎవరూ వాడి ఉండరు. కోడ్ మాత్రం 2005లోనే కెర్నల్‌లోకి వచ్చింది. సాకెట్ తెరిస్తే మాడ్యూల్ వచ్చేసేది, ఆ బగ్‌తో రూట్ అయిపోగలిగేవాళ్లు. తర్వాతి నెలలోనే అలెగ్జాండర్ పొపోవ్ అనే ఇంకో పరిశోధకుడు ఎన్‌_హెచ్‌డీఎల్‌సీ అనే సీరియల్ లైన్ మాడ్యూల్‌లోని బగ్ సంగతి చెప్పాడు. అక్కడ సాకెట్ కూడా అక్కర్లేదు, ఒక సూడో టెర్మినల్ తెరిచి లైన్ డిసిప్లిన్ (దాంట్లో వచ్చే డేటాని నడిపే పద్ధతి) మారిస్తే చాలు. 2010లో ఆర్‌డీఎస్ అనే ప్రోటోకాల్‌ది కూడా ఇదే కథ.

తణుకు_టెర్మినల్:
మోడ్‌ప్రోబ్ సెట్టింగుల్లో ‘బ్లాక్‌లిస్ట్ డీసీసీపీ’ అని ఒక లైన్ రాస్తే పోయేదానికి ఇంత రామాయణమా?

లంకల_లైనక్స్:
మా నాన్నగారు లస్కరుగా చేశారు. ఎవడు పడితే వాడు అడిగితే తూము ఎత్తరండీ, వంతు ఉంటుంది. తెలియకుండా రాయకండి.

పాలకొల్లు_ప్యాకెట్:
@లంకల_లైనక్స్ ఆయ్, నేను చెప్పేదీ అదేనండి. మీ నాన్నగారు వంతు చూసేవారు. కెర్నల్ అడిగినవాడెవడో చూడదు.
@తణుకు_టెర్మినల్ పోదు. సాకెట్ అడిగినప్పుడు పలికే మారుపేరు డీసీసీపీ_ఐపీవీ4 అనే మాడ్యూల్‌లో ఉంది. అది ఎక్కుతూ డీసీసీపీని తోడు తెచ్చుకుంటుంది. బ్లాక్‌లిస్ట్ ఆపేది మారుపేర్లనే, తోడుగా వచ్చేవాటిని కాదు. ‘ఇన్‌స్టాల్ డీసీసీపీ’ అని రాసి ఎదురుగా /బిన్/ఫాల్స్ పెట్టాలి, అప్పుడు మాడ్యూల్ ఎక్కే బదులు ఏమీ చేయకుండా ఫెయిలయ్యే ఆ కమాండ్ నడుస్తుంది.

తణుకు_టెర్మినల్:
నేను ఏళ్ల తరబడి బ్లాక్‌లిస్టే రాస్తున్నా, ఏమీ కాలేదు.

రావులపాలెం_రూట్:
ఆ బగ్‌లన్నీ ఎప్పుడో సరిచేశారు. అప్‌డేట్ పెట్టుకోండి. పైగా సెక్యూర్ బూట్ ఉంటే సంతకం లేని మాడ్యూల్ ఎక్కదు. ఇంకేం భయం?

పాలకొల్లు_ప్యాకెట్:
ఆ డీసీసీపీకి సంతకం శుభ్రంగా ఉందండీ! సంతకం చూసి ఎవరు తయారుచేశారో చెప్పొచ్చు, లోపల బగ్ ఉందో లేదో చెప్పలేం. ఇక ఆ బగ్ సరిచేయడానికి పదకొండేళ్లు పైనే పట్టింది. అంతకాలం ఎవరికీ అక్కర్లేని కోడ్ అడగ్గానే లోడవుతూ వచ్చింది. డెబియన్ (ఇంకో లైనక్స్) వాళ్లు తమ కెర్నల్‌లో డీసీసీపీ ఆటోలోడ్ తీసేశారు. ఉబుంటులో అరుదైన ప్రోటోకాళ్లను ఆపే ఫైల్ ముందే పెట్టి ఇస్తారు. వాళ్లంతా పనిలేక చేశారా?

చెరువుగట్టు_ఆకివీడు:
మీ సాకెట్ల సంగతి నాకు తెలియదు, తాళం సంగతి తెలుసు. మాది వనామీ రొయ్యల చెరువు. గట్టు మీద షెడ్‌లో ఆక్సిజన్ చూసే పెట్టె పెట్టించాం. సెన్సర్ వైరు యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా దాంట్లోకి వెళ్తుంది. ఓల్టేజీ దెబ్బకి కన్వర్టర్ కాలిపోయింది. మా కుర్రాడు భీమవరం వెళ్లి ఇంకోటి తెచ్చి పెట్టాడు. పాతది సీహెచ్340 చిప్పుది, కొత్తది ఎఫ్‌టీడీఐ. పెట్టె దాన్ని గుర్తించలేదు. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే అలారం మోగలేదు. మేం వెళ్లేసరికి రొయ్యలు పైకి తేలిపోయాయి. పెట్టె అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ‘సెక్యూరిటీ కోసం మాడ్యూళ్లు లాక్ చేశాం సార్’ అన్నారు. మేత బాకీ వాళ్ల సెక్యూరిటీ కడుతుందా?

పాలకొల్లు_ప్యాకెట్:
బాధాకరమే. కానీ అది లాక్ తప్పు కాదు. సీహెచ్341 (సీహెచ్340 చిప్పుకీ ఇదే), ఎఫ్‌టీడీఐ_ఎస్‌ఐఓ, సీపీ210ఎక్స్, పీఎల్2303. ఈ నాలుగు డ్రైవర్ మాడ్యూళ్లూ బూట్‌లోనే లోడ్ చేసి ఆ తర్వాత లాక్ చేస్తే బజార్లో దొరికే కన్వర్టర్ దాదాపు ఏదైనా పనిచేసేది. అసలు కొత్తది గుచ్చి ఒక్కసారి రీబూట్ చేసినా సరిపోయేది.

చెరువుగట్టు_ఆకివీడు:
ఎవరు చెప్పారండీ మాకు రీబూట్ చేయమని? పాస్‌వర్డ్ ఇవ్వలేదు, లాక్ ఉందని కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. డబ్బు మాది, చెరువు మాది, పెట్టె మీద పెత్తనం వాళ్లది. మీరు ఏసీ గదిలో కూర్చుని నాలుగు పేర్లు చెప్తారు.

పాలకొల్లు_ప్యాకెట్:
నాది ఏసీ గది కాదు, కాలవగట్టున నెట్ సెంటర్. మీ పెట్టెకి మీకు రూట్ ఇవ్వకపోవడం అన్యాయం, అది ఒప్పుకుంటా. కానీ ల్యాబ్‌లో కూర్చునే పిల్లాడు ఆ మెషీన్‌కి యజమాని కాదు కదా?

రావులపాలెం_రూట్:
ఇదిగో, ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట! పిల్లల్ని నమ్మను అంటున్నారు. డీసీసీపీ, ఆర్‌డీఎస్ అన్నీ దానికి ముసుగే. నేను చదివిన చోటా ఇంతే. పెన్‌డ్రైవ్ పెడితే తిట్టేవారు. కెర్నల్ అంటే ఏమిటో ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నా.

పాలకొల్లు_ప్యాకెట్:
పిల్లల్ని కాదు, వాళ్లు నడిపే ప్రతి ప్రోగ్రాంనీ నమ్మనంటున్నా. వాడు మంచివాడైనా, వాడు దించుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్ మంచిది కాకపోవచ్చు. అది వాడి లాగిన్‌లోనే నడుస్తుంది, అదీ సాకెట్ అడగగలదు.

అమలాపురం_ల్యాబ్:
అయ్యా, కాస్త ఆగండి. మా వాళ్లు ఆర్డుయినో బోర్డులు తెచ్చుకుంటారు, చౌకరకం వాటిలో ఆ సీహెచ్340 చిప్పే. నిన్న ఒక మెషీన్‌లో లాక్ పెట్టి చూశా. పెన్‌డ్రైవ్ గుర్తుపట్టింది గానీ మౌంట్ కాలేదు.

పాలకొల్లు_ప్యాకెట్:
వీఎఫ్ఏటీకి (పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫైల్ సిస్టం) అక్షరాల పట్టికలు కావాలి, ఎన్‌ఎల్‌ఎస్ మాడ్యూళ్లు. లాక్‌కి ముందు అవి ఎక్కలేదన్నమాట. ల్యాబ్‌కి ఆ పూర్తి తాళం వద్దులెండి. వాడని ప్రోటోకాళ్లకి ఇన్‌స్టాల్ లైన్లు రాయండి, ఎన్‌_హెచ్‌డీఎల్‌సీకీ ఒకటి. ఏం ఆపారో గోడ మీద కాగితం అంటించండి. పూర్తి తాళం ఎవరూ ఏమీ గుచ్చని సర్వర్‌కి పెట్టండి.

రావులపాలెం_రూట్:
ఆ కాగితం అంటించమనడం వరకు బాగుంది.

చెరువుగట్టు_ఆకివీడు:
మా పెట్టెకి రూట్ పాస్‌వర్డ్ రాబట్టే దారి ఎవరికైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.

తణుకు_టెర్మినల్:
బ్లాక్‌లిస్ట్ చాలు.

పాలకొల్లు_ప్యాకెట్:
మామూలు లాగిన్‌లో డీసీసీపీ సాకెట్ తెరిచి, ఎల్ఎస్‌మాడ్ (ఎక్కిన మాడ్యూళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి ఇక్కడ పెట్టండి.