లా చదువుతూ వివాద పరిష్కారం కోర్సు తీసుకుంటే లాయర్‌గా మెత్తబడిపోతామా?

ప్రశ్న:
లా మూడో ఏడు చదువుతున్నాను. వివాద పరిష్కారం క్లాసులో మొన్న మాక్ మీడియేషన్, అంటే సాధన కోసం ఉత్తుత్తి రాజీ చర్చ, పెట్టారు. మీడియేటర్‌ని నేనే. విడిపోతున్న ఇద్దరు భాగస్వాములు, వ్యాపారం పేరు తనకే కావాలని ఇద్దరూ పట్టుబట్టారు. పది నిమిషాలు కాకుండానే, "ఒప్పంద పత్రం ప్రకారం పేరు ఈయనదే" అనేశాను. మేడమ్ ఆపేసి, "నిన్ను తీర్పు ఎవరడిగారు?" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మూడేళ్లుగా ఎవరిది హక్కో తేల్చడమే నేర్చుకున్నాను. ఇప్పుడది పక్కన పెట్టమంటే, నేర్చుకున్నదంతా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే సెమిస్టర్‌లో దీన్నే ప్రధానంగా తీసుకోవచ్చా?

మొదటి జవాబు:
తీసుకోండి. నేను లా, వివాద పరిష్కారం రెండూ కలిపి ఉన్న పీజీ చేశాను, మొదట్లో నాదీ ఇదే అవస్థ.

తెలుగులో మనం రెండు వేరు వేరు పనుల్ని మధ్యవర్తిత్వం అనే పిలుస్తాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆర్బిట్రేటర్ ఇద్దరి వాదనా విని తీర్పు చెబుతారు, దానికి కట్టుబడాలి. మీడియేటర్ తీర్పు చెప్పరు, ఇద్దరూ తామే ఒక ఒప్పందానికి వచ్చేలా సాయం చేస్తారు. మీరు మీడియేటర్ కుర్చీలో కూర్చుని ఆర్బిట్రేటర్ పని చేశారు, అంతే.

నాకు విషయం బోధపడింది 1978 క్యాంప్ డేవిడ్ చర్చల గురించి చదివినప్పుడు. యుద్ధంలో ఇజ్రాయెల్ చేతికి పోయిన సినాయ్ ఎడారి ప్రాంతం మొత్తం తిరిగి కావాలని ఈజిప్టు, కొంతైనా ఉంచుకుంటామని ఇజ్రాయెల్. గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు ఒప్పుకోలేదు. ఎందుకు కావాలని చూస్తే, ఈజిప్టుకు అది తమ నేల. ఇజ్రాయెల్‌కు కావలసింది సరిహద్దు పక్కన శత్రువు ట్యాంకులు లేకపోవడం. చివరికి నేల ఈజిప్టుకు వెళ్లింది, అక్కడ సైన్యానికి హద్దులు పెట్టారు. 1979 ఒప్పందం అనుబంధంలో సినాయ్‌ని మండలాలుగా విడదీసి, ఎక్కడ ఎంత బలగం ఉండొచ్చో రాశారు. అలా రాయడానికి లా కావాలి. అది లేకపోతే కుదిరిన మాట గాల్లోనే ఉండిపోయేది.

రెండో జవాబు:
పైవారి మాట నిజమే కానీ, రాజీ అన్నిటికీ మందు కాదు. ఇంట్లో కొట్టే మనిషినీ, దెబ్బలు తినే మనిషినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమనడం అన్యాయం. పైగా మీడియేషన్‌లో మాటలు గోప్యం. ఒకే సంస్థ పదిమందికి అదే తప్పు చేస్తుంటే ఒక్కో కేసూ గుట్టుగా ముగిసిపోతుంది, లోకానికి తెలియదు. 1976లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఫ్రాంక్ సాండర్ ఇచ్చిన ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. ఒకే న్యాయస్థానానికి చాలా తలుపులుండాలి, ఏ గొడవను ఏ తలుపులోంచి పంపాలో ముందే చూడాలి అన్నారాయన. ఆ చూపు మీకు లా నుంచే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి మీడియేషన్ మధ్యలో ఉండగా ఒకరు అణిగిపోతున్నారని తెలిస్తే?

మొదటి జవాబు రాసినవారు:
నాకు ఎదురైంది. యూనివర్సిటీ లీగల్ క్లినిక్‌లో అద్దె అడ్వాన్సు గొడవ. అద్దెకున్న ఆవిడ అన్నిటికీ తలూపింది. నలభై నిమిషాల్లో తేలిపోయిందని నేను సంబరపడ్డాను. మా పర్యవేక్షకురాలు మాత్రం సంతకాలకు ముందు ఆవిడతో విడిగా మాట్లాడారు. కాదంటే ఆ రోజే ఇల్లు ఖాళీ చేయిస్తారని ఆవిడ భయపడింది! తనకు గడువు అడిగే హక్కుందనే సంగతే తెలియదు. మీడియేటర్ ఒకరి తరఫున సలహా చెప్పకూడదు కాబట్టి, చర్చ ఆపి, లాయర్‌ని కలిసి రమ్మన్నారు. ఆ తలూపడం వెనక భయం నాకు కనపడలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడకుండా ఏ కాగితమూ ముందుకు జరపను.

ప్రశ్న అడిగినవారు:
సోమవారం అదే మాక్ మళ్లీ చేయనివ్వమని మేడమ్‌ని అడుగుతాను. ఈసారి ఒప్పంద పత్రం తెరవకముందే ఇద్దరినీ విడివిడిగా, "ఆ పేరు మీకెందుకు కావాలి?" అని అడుగుతాను.