సర్పగంధ బీపీ మందు వాడితే సి విటమిన్ పడిపోతుందా?

వేరుమందు: సర్పగంధ వేరులోని రిసర్పిన్ అనే రసాయనం ఇచ్చిన ఎలుకల ఎడ్రినల్ గ్రంథుల్లో (మూత్రపిండాల మీదుండేవి) సి విటమిన్ తగ్గిందని 1950ల ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే ఈ మందు వాడేవాళ్లకు లోపం వస్తున్నట్టేగా? ఏ డాక్టరూ ఆ ముక్క చెప్పడేం?

గ్రంథి: అలా కాదండీ. మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోనును రిసర్పిన్ విడుదల చేయిస్తుంది. అది తగలగానే ఎడ్రినల్ తనలోని సి విటమిన్‌ను వదిలేస్తుంది. అప్పట్లో ఆ తగ్గుదలను కొలిచి ఏసీటీహెచ్ మోతాదు లెక్కగట్టేవారు. తగ్గింది గ్రంథిలో, ఒంట్లో కాదు. పైగా ఎలుక సి విటమిన్ సొంతంగా తయారుచేసుకుంటుంది. మనకూ గినీ పందికీ ఆ శక్తి లేదు.

వేరుమందు: లేదంటే మనకింకా ప్రమాదమేగా! నా మాటే మీరూ అంటున్నారు.

ఉసిరిపచ్చడి: రోజుకో జామకాయ తినండి, గొడవ వదులుతుంది.

గ్రంథి: నేననేది వేరు. డోపమిన్, నోరడ్రినలిన్ నరాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు. డోపమిన్‌ను నోరడ్రినలిన్‌గా మార్చే ఎంజైముకు సి విటమిన్ కావాలి. ఆ పని నరాల చివరనున్న సంచుల్లో జరుగుతుంది. రిసర్పిన్ ఆ సంచుల్లోకి డోపమిన్‌నే పోనివ్వదు. సరుకే లోపలికి రానప్పుడు 500 మి.గ్రా. సి బిళ్ల మింగి ఏం లాభం? సి లోపంలోనూ, రిసర్పిన్ దుష్ప్రభావంలోనూ నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి పొరబడతారు. చిగుళ్ల వాపు, నెత్తురు, వెంట్రుక కుదుళ్ల చుట్టూ ఎర్రచుక్కలు ఉంటే స్కర్వీ, అంటే సి లోపపు జబ్బు. ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం ఉంటే రిసర్పిన్.

నమూనా: రక్తపరీక్షలో ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) సి విటమిన్ 0.2 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువుంటే లోపం. కానీ ట్యూబు వెలుతురులో, వేడిలో ఉంటే విటమిన్ అక్కడే చెడిపోతుంది, రిపోర్టు ఉత్తుత్తి లోపం చూపిస్తుంది. మంచులో పెట్టి, వెంటనే ప్లాస్మా తీసి విటమిన్ చెడకుండా మెటాఫాస్ఫారిక్ ఆమ్లం కలపాలి.

వేరుమందు: రిసర్పిన్ బిళ్లంటే భక్తి, సర్పగంధ వేరంటే చులకన, అదీ మీ సంగతి! 1931లో కలకత్తా వైద్యులు సేన్, బోస్‌లు బీపీకి వాడి రాసింది వేరునే. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జల్ వకీల్ ప్రపంచానికి చాటిందీ వేరునే. రిసర్పిన్‌ను విడదీసింది 1952లో, స్విట్జర్లాండ్‌లో.

గ్రంథి: నాకు వేరు మీద కోపం లేదు, తూకం లేని చెంచా మీదే. అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) లెక్కన వేరుపొడిలో రిసర్పిన్, దాని తరహాదే రెసినమిన్ కలిపి కనీసం 0.15 శాతం ఉండాలి. గ్రాముకు 1.5 మి.గ్రా. అన్నమాట. రోజుకు రిసర్పిన్ బిళ్ల మోతాదు 0.1 నుంచి 0.25 మి.గ్రా. అంటే గ్రాము పొడిలోనే ఆరు నుంచి పదిహేను రెట్లు. కుంగుబాటు భయం అక్కడ.

వేరుమందు: వేరులో అజ్మలిన్ అనే మరో రసాయనం కూడా ఉంది, బిళ్లలో లేదు. ఆ కలయికను లెక్కలోకి తీసుకోరా?

గుండెదడ: చిగుళ్ల నుంచి ఎక్కడికి పోయారు బాబూ?

గ్రంథి: ఆ అజ్మలిన్ సంగతే చెప్పబోతున్నా. అజ్మలిన్ గుండె లయను మార్చే మందు. ఈసీజీ చూస్తూ నరంలోకి ఎక్కించాల్సిన దాన్ని చెంచాతో పాలల్లో కలిపి తాగమంటారా?