“తెప్పలుగ”: నీళ్ళకా, కప్పలకా?

యారా గట్టు:
పెద్దలకు నమస్కారం. మెల్‌బోర్న్‌లో మా తెలుగువాళ్ళ చిన్న పత్రికకి సూపర్ రగ్బీ (న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా జట్లతో మొదలైన పోటీ) మీద వ్యాసం రాస్తున్నాను. ఆ పోటీ స్వరూపాన్ని ఇన్నిసార్లు ఎందుకు మార్చారన్నది విషయం. తలకట్టుగా సుమతి పద్యంలో సగం పెడదామని కూర్చుంటే నాలిక మీదకి “కుప్పలుగ చెరువు నిండిన కప్పలు పదివేలు చేరు” అని వస్తోంది. మా ఆవిడేమో “తెప్పలుగ” అంటోంది. ప్రాస రెండింటికీ కుదురుతుంది కాబట్టి అది తీర్పు చెప్పదు. ఏది సరి? ఇంకో ప్రశ్న, ఆ మాట నీళ్ళకి చెందుతుందా, కప్పలకి చెందుతుందా? నా వ్యాసమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కందగడ్డ:
తెప్పలుగ. మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగ జెఱువు నిండిన
గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ!

“యెట్లన్నన్” ద్రుతాంతం, అంటే చివర న్ ఉంది, కనక తెప్ప కాస్తా దెప్ప అయింది. కుప్ప అయితే గుప్ప అవ్వాలి. “గుప్పలుగ జెఱువు” అని ఎవరి నోటా వినలేదు. పనిలో పనిగా రెండో పాదంలో యతి కూడా చూసుకోండి. నకారానికీ రకారానికీ యతేమిటని ప్రతి ఏడూ ఎవరో ఒకరు బయల్దేరతారు. కలిగినన్ + అప్పుడు, వత్తురు + అది. అచ్చుకి అచ్చు చెల్లింది.

తెనాలి తమ్ముడు:
పాఠం సరే. అర్థం దగ్గరే పేచీ. “కుప్పలు తెప్పలుగా” అని ఇప్పటికీ అంటున్నాం, అందులో తెప్ప అంటే రాశే. నీళ్ళని ఎవరూ రాశి పోయరు. కాబట్టి తెప్పలుగా వచ్చేవి కప్పలే.

కందగడ్డ:
కప్పలకి “పదివేలు” ఉంది కదయ్యా. మళ్ళీ తెప్పలెందుకు? కందంలో చోటు తక్కువ. బద్దెన అంత దుబారా మనిషి కాడు.

తెనాలి తమ్ముడు:
నిండిన చెరువుని మళ్ళీ “నిండుగా నిండిన” అనడం మాత్రం దుబారా కాదా మాష్టారూ?

భద్రాద్రి రేవు:
మీరిద్దరూ తెప్పని వదిలేసి రాశి పట్టుకున్నారు. ముక్కోటి ముందురోజు మా గోదావరిలో తెప్పోత్సవం చేస్తారు. తిరుమల పుష్కరిణిలోనూ చేస్తారు. తెప్ప తేలాలంటే నీళ్ళు ఉండాల్సినంత ఉండాలి. “తెప్పలు తేలేటంతగా చెరువు నిండితే” అని అర్థం చెప్పుకుంటే పునరుక్తి దోషం ఎవరికీ అంటదు.

నిఘంటుదాసు:
ఊహ అందంగా ఉంది, వ్యాకరణం ఒప్పుకోదు. “తెప్పలుగ” అంటే తెప్పలు అయి, తెప్పల రూపంలో అని. “తేలేటంత” అన్నది మీరు తెచ్చి కలిపిన మాట. పోనీ మీ దారినే వస్తాను: నీళ్ళ మీద తెప్పల్లా తేలేవి కప్పలు కావా?

డబ్లిన్ చినుకు:
ఆయన వ్యాసం ఏమిటో ఒక్కరూ అడగలేదు! యారా గట్టు గారూ, కప్పలైతే మీకేమిటి, నీళ్ళైతే మీకేమిటి?

యారా గట్టు:
అడిగారు, సంతోషం. కాస్త పొడుగ్గా చెప్తాను.

1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్ లెక్క ప్రకారం జీతం లేని ఆట. ఆ జూన్‌లోనే దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా బోర్డులు మూడూ కలిసి న్యూస్ కార్పొరేషన్‌తో పదేళ్ళకి 55.5 కోట్ల అమెరికన్ డాలర్ల టీవీ ఒప్పందం చేసుకున్నాయి. ఆ డబ్బుతోనే 1996లో సూపర్ 12 మొదలైంది. న్యూజిలాండ్‌వి ఐదు, దక్షిణాఫ్రికావి నాలుగు, ఆస్ట్రేలియావి మూడు. ప్రతి జట్టూ మిగతా అందరితో ఒక్కోసారి ఆడేది. పిల్లాడు కూడా పట్టిక చదవగలిగేవాడు. ఇక్కడిదాకా పద్యం అక్షరాలా సరిపోతుంది. నీళ్ళు వచ్చాయి, కప్పలు చేరాయి.

2006లో పెర్త్ నుంచి వెస్టర్న్ ఫోర్స్, బ్లూమ్‌ఫాంటైన్ నుంచి చీటాస్ వచ్చి 14 అయ్యాయి. 2011లో మా ఊరి రెబెల్స్ చేరి 15. పేరులో అంకె పెట్టుకుంటే ప్రతిసారీ పేరు పలకలు మార్చుకోవాలి కనక అప్పుడే అంకె తీసేశారు. అసలు గొడవ 2016ది. జపాన్ సన్‌వుల్వ్స్, అర్జెంటీనా హాగ్వారెస్, దక్షిణాఫ్రికా కింగ్స్ చేరి 18. నాలుగు కాన్ఫరెన్సులు, అంటే గుంపులు. టోక్యో జట్టుని తీసుకెళ్ళి ఆఫ్రికా గుంపులో వేశారు, దాని సొంత మ్యాచ్‌లు కొన్ని సింగపూర్‌లో. ఎవరు ఎవరితో ఆడతారో, ఎవరితో ఆడరో అభిమానులకే అంతు చిక్కలేదు.

2017లో ఏమైందో చూడండి. ఆస్ట్రేలియా గుంపులో మొదటిదని 34 పాయింట్ల బ్రంబీస్‌కి సొంతగడ్డ మీద క్వార్టర్ ఫైనల్ ఇచ్చారు. 58 పాయింట్లున్న న్యూజిలాండ్ జట్టు హరికేన్స్ విమానం ఎక్కి కాన్‌బెరా రావాల్సి వచ్చింది. వచ్చి గెలిచారనుకోండి, అది వేరే సంగతి. 2018కల్లా కింగ్స్, చీటాస్, ఫోర్స్ ముగ్గురినీ తీసేసి మళ్ళీ 15.

నా వాదన ఇది. 1996లో చెరువు నిండింది కాబట్టి కప్పలు వచ్చాయి. 2016లో కప్పల్ని పోగేస్తే చెరువు నిండుతుందనుకున్నారు. జపాన్ మార్కెట్ వస్తుంది, అర్జెంటీనా టీవీ వస్తుంది అని లెక్కలు వేసుకున్నారు. అందుకే అడిగాను, “తెప్పలుగ” దేనికని. కప్పలకైతే నా వ్యాసానికి అతుకుతుంది, నీళ్ళకైతే అతకదు.

కందగడ్డ:
దేనికైనా అతకదు నాయనా. “నిండిన” దగ్గర ద్రుతం ఉంది, లేకపోతే కప్పలు గప్పలు ఎందుకవుతాయి? నిండినన్, అంటే నిండితే. చేదర్థకం. పైన “కలిగినన్” కూడా అంతే. ముందు నిండాలి, తర్వాత చేరాలి. తెప్పల్ని ఎటు తిప్పినా ఆ వరస మారదు. మీ 2016 వాళ్ళు పద్యాన్ని తలకిందులుగా చదివారు.

యారా గట్టు:
మాష్టారూ, ఆ చివరి వాక్యం వ్యాసంలోకి ఎత్తుకెళ్తున్నాను.

తెనాలి తమ్ముడు:
ఒప్పుకోను. చేదర్థకం అయినంత మాత్రాన “తెప్పలుగ” నీళ్ళకని తేలలేదు.

డబ్లిన్ చినుకు:
మా వైపు కథ వేరు. ఇక్కడ పేచీ కప్పల సంఖ్య గురించి కాదు, నీళ్ళ వాటా గురించి. యూరప్ క్లబ్బుల పోటీ హైనెకెన్ కప్‌లో స్కాట్లండ్, ఇటలీల నుంచి రెండేసి జట్లకి లీగ్‌లో ఎన్నో స్థానమన్నది చూడకుండానే చోటు ఉండేది. మేం కిందామీదా పడి అర్హత తెచ్చుకుంటుంటే వాళ్ళకి ఊరికే ఎలా ఇస్తారని ఇంగ్లండ్, ఫ్రాన్స్ క్లబ్బులు 2012లో వైదొలుగుతామని నోటీసిచ్చాయి. రెండేళ్ళ రచ్చ తర్వాత 2014లో పాత సంస్థ పోయి కొత్తది వచ్చింది, పేరు ఛాంపియన్స్ కప్ అయింది, 24 జట్లు 20 అయ్యాయి, ఆదాయం ఇంగ్లండ్, ఫ్రాన్స్, మాది, ఈ మూడు లీగ్‌లకీ సమాన వాటాలైంది. ఆటగాళ్ళ మీద భారం, ఆట నాణ్యత అని ఎన్ని చెప్పినా అసలు మాట ఆ మూడో వంతే.

మరి ఇప్పుడో? మళ్ళీ 24. ఆరేసి జట్ల గుంపులు నాలుగు, ఒక్కొక్కరికి నాలుగే మ్యాచ్‌లు, ఆరుగురిలో నలుగురు ముందుకి. పద్దెనిమిదేళ్ళ మా అమ్మాయి అడుగుతుంది, “వీళ్ళు ఆడేది తీసెయ్యడానికా, ఉంచడానికా?” అని. నా దగ్గర జవాబు లేదు.

బంధువుల మాటకొస్తే పద్యంలో మొదటి సగం మీరంతా వదిలేశారు. సీవీసీ అనే పెట్టుబడి సంస్థ ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో 27 శాతం, మా లీగ్ ప్రో14లో 28 శాతం, ఆరు దేశాల పోటీ సిక్స్ నేషన్స్‌లో ఏడో వంతు కొంది. సంపద కలిగినప్పుడు వచ్చే బంధువులంటే వీళ్ళు కాదూ?

భద్రాద్రి రేవు:
కలగకముందే వచ్చారేమో. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ క్లబ్బులు దివాలా తీసి ప్రీమియర్‌షిప్ 13 నుంచి పదికి దిగిపోయిందిగా. బంధువులు వచ్చాకే చెరువు ఎండింది.

నిఘంటుదాసు:
“వచ్చాకే” వేరు, “రావడం వల్ల” వేరు. మధ్యలో కోవిడ్ ఉంది. అన్వయం పద్యాల్లోనే కాదు, చరిత్రలోనూ చూసుకోవాలి.

బందరు లడ్డు:
నాకు రగ్బీ తెలీదు. మొన్న 2025లో మన దేశంలోనూ ఏదో సెవెన్స్ లీగ్ పెట్టారట, అందులో హైదరాబాద్ హీరోస్ అని జట్టు ఉందని విన్నా, అంతవరకే. కానీ ఒక్క సందేహం: చినుకు గారి లీగ్‌నే సెల్టిక్ లీగ్ అన్నారు, ప్రో12 అన్నారు, ప్రో14 అన్నారు, ఇప్పుడు యునైటెడ్ ఏదో అంటున్నారు, అందులో 16 జట్లు. పంచపాండవులు ఎందరంటే మంచంకోళ్ళలాగా ముగ్గురని రెండు వేళ్ళు చూపించిన సామెత వీళ్ళ కోసమే పుట్టిందా?

డబ్లిన్ చినుకు:
ఆ పదహారులో నాలుగు దక్షిణాఫ్రికా నుంచి. 2021లో బుల్స్, లయన్స్, స్టార్మర్స్, షార్క్స్ సూపర్ రగ్బీ వదిలేసి ఇటు వచ్చేశారు. గంటల తేడా తక్కువ కదా, కేప్‌టౌన్‌లో సాయంత్రం అయితే డబ్లిన్‌లోనూ సాయంత్రమే. వచ్చిన మొదటి ఏడే స్టార్మర్స్ కప్పు ఎత్తుకెళ్ళారు.

తెనాలి తమ్ముడు:
అయితే యారా గట్టు అన్నయ్యా, మీకు కావాల్సింది ఈ పద్యం కాదు. 12, 14, 15, 18, మళ్ళీ 15, మళ్ళీ 12. ఒకటి వేస్తే ఒకటి దూకుతోంది. దీన్ని కప్పల తక్కెడ అంటారు. మీ కప్పలూ మీకు దక్కుతాయి, “తెప్పలుగ” తలనొప్పీ పోతుంది.

యారా గట్టు:
2025కల్లా 11. 2024 జనవరిలో మా రెబెల్స్ ఆర్థికంగా చేతులెత్తేశారు. ఆ ఏడే మొదటిసారి ఫైనల్స్ రౌండ్‌కి వెళ్ళి, ఆ ఏడాదితోనే మూతపడ్డారు. తక్కెడ బాగుంది కానీ అందులో కప్పలదే తప్పన్నట్టు ఉంటుంది. హాగ్వారెస్ ఏ తప్పు చేశారు? 2019లో ఫైనల్ దాకా వెళ్ళి క్రూసేడర్స్ చేతిలో 19-3తో ఓడారు. మర్నాటి ఏడు కోవిడ్ వచ్చింది, 2022లో పసిఫిక్ పేరుతో పోటీని మళ్ళీ కట్టినప్పుడు వాళ్ళకి చోటే లేదు. వాళ్ళు దూకలేదు, తక్కెడే ఎత్తుకుపోయారు.

భద్రాద్రి రేవు:
అలాంటివాళ్ళకి వేరే సుమతి పద్యం ఉండనే ఉంది. “కమలములు నీట బాసిన గమలాప్తుని రశ్మి సోకి కమలిన భంగిన్, దమ దమ నెలవులు దప్పిన దమ మిత్రులె శత్రులౌట తథ్యము సుమతీ”. ఆఫ్రికా గుంపులో టోక్యో జట్టుకి ఇంతకంటే మంచి తలకట్టు దొరకదు. నన్నడిగితే బద్దెన రాసిన వాటిలో దీన్ని మించింది లేదు. సూర్యుడు మారలేదు, కమలమూ మారలేదు, చోటు ఒక్కటే మారింది.

నిఘంటుదాసు:
బద్దెన రాసినవి అని అంత గట్టిగా అనకండి. సుమతి ఆయనదేనా అన్నది ఇంకా తేలలేదు.

కందగడ్డ:
అది మళ్ళీ ఎత్తకండి, పోయినసారి నెల పట్టింది. నాకు కమలం నచ్చింది. అన్నట్టు మేం చదువుకున్నది “శత్రులగుట”.

భద్రాద్రి రేవు:
మాది “శత్రులౌట”. గణం చూసుకోండి, ఆరో గణంలో జగణం.

కందగడ్డ:
ఆరో గణంలో నలము కూడా చెల్లుతుంది బాబూ. “త్రులగుట”, నాలుగూ లఘువులే. రెండూ సరైనవే అయినప్పుడు నడక చూడాలి. “ఔట” దగ్గర పాదం ఒక్కసారి కూలబడుతుంది.

తెనాలి తమ్ముడు:
కూలబడాలనే కదా అక్కడ! మిత్రుడు శత్రువైన చోట పాదం పరిగెత్తితే ఎలా?

డబ్లిన్ చినుకు:
యారా గట్టు గారూ, మీ 2025 కథ చెప్పలేదు. ఓడినవాళ్ళూ ముందుకెళ్ళారట కదా?

యారా గట్టు:
అవునండీ. 11 జట్లలో ఆరు ఫైనల్స్‌కి. మొదటి రౌండ్‌లో మూడు మ్యాచ్‌లు, గెలిచిన ముగ్గురితో పాటు ఓడినవాళ్ళలో పట్టికలో పైన ఉన్నవాడికి కూడా సెమీస్‌లో చోటు. పట్టికలో మొదట నిలిచిన చీఫ్స్ సొంత ఊరు హామిల్టన్‌లో బ్లూస్ చేతిలో 20-19తో ఓడి, అదే ఊళ్ళో సెమీస్ ఆడి గెలిచి ఫైనల్‌కి వెళ్ళారు. ఓడినందుకు ఒక మెట్టు దిగారు కనక ఫైనల్ క్రైస్ట్‌చర్చ్‌లో పెట్టారు, అక్కడ క్రూసేడర్స్ 16-12తో గెలిచారు. దీన్ని అందరూ తిట్టారు. నాకైతే 34 పాయింట్లవాడికి సొంతగడ్డ ఇవ్వడం కంటే ఇదే నయం. సీజనంతా బాగా ఆడినవాడికి ఒక్క తప్పు క్షమించారు, అంతేగా.

వ్యాసం రేపు ఇచ్చెయ్యాలి. ఎడిటర్ గారు కమలాల పద్యమే కావాలంటున్నారు, వాళ్ళది మొక్కల నర్సరీ వ్యాపారం లెండి. అగుటా, ఔటా?

కందగడ్డ:
అగుట.

భద్రాద్రి రేవు:
ఔట.

నిఘంటుదాసు:
అసలు “మిత్రులె”నా “మిత్రులు”నా అన్నది ముందు తేల్చండి. ఒక చిన్న ఎత్వంతో అర్థమే మారుతుంది.