స్టార్టప్ అనుమతుల జాప్యంపై శాసనమండలిలో ప్రశ్న వేయించాలంటే ఎలా రాసివ్వాలి?

ప్రశ్న: చిరుధాన్యాల మిల్లు, ఖమ్మం జిల్లా

అందరికీ నమస్కారం. మేము నలుగురు మిత్రులం కలిసి ఖమ్మం దగ్గర కొర్రలు, అండుకొర్రలు, సామలు శుభ్రం చేసి, పొట్టు తీసి, రవ్వగానూ అటుకులుగానూ ప్యాకెట్లలో అమ్మే చిన్న సంస్థను నడుపుతున్నాము. షెడ్డుకు, విద్యుత్తు కనెక్షనుకు, ఇతర అనుమతులకు ఏకగవాక్ష విధానంలోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకున్నాము. ఒక కార్యాలయం మా దరఖాస్తును గడువు ముగియవచ్చే సమయానికి "షార్ట్‌ఫాల్" అని వెనక్కి పంపడం, అడిగిన కాగితాన్ని మేము జతచేసి పంపిన తరువాత మరొక కాగితం అడగడం పదేపదే జరిగింది. మాలో ఒకరు టీ-ప్రైడ్ (దళిత, గిరిజన వ్యాపారులకు రాష్ట్ర ప్రభుత్వ ప్రోత్సాహక పథకం) కింద రాయితీకి దరఖాస్తు చేయవలసి ఉండగా, దానికి కావలసిన కుల ధ్రువీకరణ పత్రం మీసేవలో దరఖాస్తు చేసిన తరువాత తహసీల్దారు కార్యాలయంలో ఆగిపోయింది.

ఇటీవల మా ప్రాంత యువ వ్యాపారుల సమావేశానికి వచ్చిన పట్టభద్రుల ఎమ్మెల్సీ గారు "రాసివ్వండి, మండలిలో అడుగుతాను" అన్నారు. మేము ఇలా రాశాము: "రాష్ట్రంలో స్టార్టప్‌ల అభివృద్ధికి, ప్రజాసేవలను సకాలంలో అందించడానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏమిటి?" ఇది సరిపోతుందా? దీనివల్ల ఏమైనా కదలిక వస్తుందా? అసలు మాలాంటివారు ప్రశ్న రాసివ్వడం పద్ధతేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: పాత ప్రెస్ గ్యాలరీ

రాసివ్వడంలో తప్పేమీ లేదండి. సభ్యులకు ప్రశ్నలు ఆకాశం నుంచి ఊడిపడవు. రైతు సంఘాలు, ఉద్యోగ సంఘాలు, నియోజకవర్గంలోని సామాన్యులు ఇచ్చిన కాగితాల నుంచే చాలా ప్రశ్నలు పుడతాయి. అయితే మీరు రాసిన ప్రశ్నను ఉన్నదున్నట్లు పంపితే సమాధానం ఎలా వస్తుందో ఇప్పుడే చెప్పగలను. 2015 నవంబరులో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్‌ను ప్రారంభించారని, 2018లో మహిళా వ్యాపారుల కోసం వి-హబ్ వచ్చిందని, 2022 జూన్‌లో రాయదుర్గంలో టీ-హబ్ కొత్త భవనం తెరిచారని, 2023లో కొత్త వస్తువుల నమూనాలు తయారు చేసుకునే టీ-వర్క్స్ మొదలైందని, మీసేవలో ఇన్ని వందల సేవలు అందుతున్నాయని రెండు పేజీల ప్రకటన సభ ముందు ఉంచుతారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు, మీ షెడ్డుకు సంబంధించిన అక్షరం కూడా ఒక్కటీ ఉండదు. "తీసుకుంటున్న చర్యలు ఏమిటి" అని అడగడమంటే అధికారులకు వారి వార్షిక నివేదికను మరొకసారి చదివే అవకాశం ఇవ్వడమే.

మీ అసలు ఫిర్యాదు గడియారం గురించి. మీరు దరఖాస్తు చేసిన ఏకగవాక్ష విధానానికి ఆధారమైన, 2014లో చేసిన టీఎస్ ఐపాస్ చట్టం (ఇప్పుడు టీజీ ఐపాస్ అంటున్నారు) భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగిలినవాటికి 30 రోజుల గరిష్ఠ గడువు పెట్టి, అనుమతిని దరఖాస్తుదారు హక్కుగా గుర్తించింది. జాప్యం చేసిన అధికారిపై జరిమానాకు కూడా చోటిచ్చింది. కాగితం మీద ఇంతకంటే గట్టి ఏర్పాటు కోరలేము. కానీ దరఖాస్తును లోపం పేరుతో వెనక్కి పంపిన రోజు గడియారం ఆగి, మళ్లీ సమర్పించిన రోజు తిరిగి నడిస్తే, మీరు ఆరు నెలలు తిరిగినా పోర్టల్‌లో మాత్రం "గడువులోగా పరిష్కారం" అనే కనిపిస్తుంది. కాబట్టి ఎన్ని అనుమతులు ఇచ్చారని కాకుండా, గడియారాన్ని ఎన్నిసార్లు ఆపారని అడగాలి.

రెండో సంగతి, ఒక ప్రశ్న ఒక మంత్రికే వెళుతుంది. మీరు ఒకే వాక్యంలో మూడు శాఖలను కలిపారు. ఐపాస్, టీ-ప్రైడ్ పరిశ్రమల శాఖవి. టీ-హబ్, మీసేవ నిర్వహణ ఐటీ శాఖవి. తహసీల్దారు దగ్గర ఆగిన ధ్రువపత్రం రెవెన్యూ శాఖది. కలిపి అడిగితే సచివాలయంలో ఒక శాఖ మరొక శాఖకు పంపుకుంటూ ఉండగానే సమావేశాలు ముగుస్తాయి. విడివిడిగా రాయండి. మొదటిది సభ వాడుకలో ఉన్న పద్ధతిలో ఇలా ఉండవచ్చు:

"పరిశ్రమల శాఖామాత్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా:

(అ) గత మూడు ఆర్థిక సంవత్సరములలో ఖమ్మం జిల్లాలో ఐపాస్ ద్వారా అందిన దరఖాస్తులలో, మొదట సమర్పించిన తేదీ నుండి 30 రోజులు దాటిన తరువాత పరిష్కరించినవి ఎన్ని;

(ఆ) వాటిలో లోపములు సవరించవలసినదిగా ఒకటి కంటే ఎక్కువసార్లు తిప్పి పంపినవి శాఖలవారీగా ఎన్ని;

(ఇ) తిప్పి పంపిన కాలమును గడువు లెక్క నుండి మినహాయిస్తున్న విషయము వాస్తవమేనా;

(ఈ) జాప్యమునకు గాను చట్టము క్రింద జరిమానా విధించిన సందర్భములు ఉన్నవా. ఉన్నచో వివరములేమి, లేనిచో కారణములేమి?"

"మొదట సమర్పించిన తేదీ నుండి" అనే మాటలను ఎవరు సవరించమన్నా వదులుకోవద్దు. ఆ నాలుగు మాటలు లేకపోతే (అ)కు "ఏవీ లేవండి" అని, తక్కినవాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ముగించేస్తారు. ఆ రెండు ముక్కల సమాధానాలు రాసుకుని రాసుకుని మాలో కొందరి నోట్‌బుక్కులు నిండిపోయాయి.

సమాధానం: పది రూపాయల దరఖాస్తు

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట. ఈ అంకెలన్నీ సమాచార హక్కు చట్టం కింద మీరే అడగవచ్చు. రుసుము పది రూపాయలు, సమాధానానికి 30 రోజుల గడువు, ఇవ్వకపోతే మొదటి అప్పీలు, ఆ తరువాత సమాచార కమిషన్. సభ విషయానికి వస్తే, రెండు సమావేశాల మధ్య ఆరు నెలల విరామం మించరాదని రాజ్యాంగంలోని 174వ అధికరణం చెబుతుందే తప్ప, సమావేశాలు కనీసం ఎన్ని రోజులు జరగాలో ఎక్కడా చెప్పదు. సమావేశాలు కొద్దిరోజులే జరిగి, వాటిలోనూ ప్రశ్నోత్తరాల సమయం వాయిదా తీర్మానాల గొడవలో కొట్టుకుపోతే మీ ప్రశ్న ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. ఎమ్మెల్సీ గారి మాటను నమ్ముకుని చేతులు కట్టుకు కూర్చోవడం నాకు నచ్చదు.

అలాగని సభా ప్రశ్న అనవసరమని అనను. సమాచార హక్కు చట్టం కార్యాలయంలో ఉన్న కాగితాన్ని మాత్రమే ఇప్పిస్తుంది. "ఎందుకు చేయలేదు" అని అడిగితే, ఆ కారణం ఫైలులో రాసి ఉంటే తప్ప, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. ఆ "ఎందుకు"కు మంత్రి చేత జవాబు చెప్పించగలిగేది సభ ఒక్కటే. అందుచేత ముందుగా జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి సమాచార హక్కు కింద అంకెలు తెప్పించుకోండి. అవి చేతిలో ఉన్న సభ్యుడు అడిగేటప్పుడు మంత్రికి రాసిచ్చే అధికారి కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు.

టీ-ప్రైడ్ విషయంలో మరీ ముఖ్యంగా రెండు అంకెలు వేరువేరుగా అడగండి: సంవత్సరంవారీగా మంజూరు చేసిన రాయితీ ఎంత, వాస్తవంగా విడుదల చేసినది ఎంత. మంజూరు పత్రం పట్టుకుని బ్యాంకు వడ్డీ కట్టుకుంటున్నవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. కమిటీ సమావేశంలో మంజూరైన మొత్తాన్ని చూపించి శాఖ గొప్పగా చెప్పుకుంటుంది, ఖజానాలో బిల్లుకు టోకెన్ నంబరు పడినా చెల్లింపు జరగక ఆగిన మొత్తం గురించి అడగనిదే ఎవరూ చెప్పరు.

ప్రశ్న వేసినవారు: చిరుధాన్యాల మిల్లు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సమాచార హక్కు దరఖాస్తు రేపే పంపుతున్నాము. మరో రెండు సందేహాలు ఉన్నాయి. మా సంస్థకు కేంద్రం ఇచ్చే స్టార్టప్ గుర్తింపు లేదు, ఉద్యం (చిన్న పరిశ్రమల) నమోదు మాత్రమే ఉంది. దీని గురించి ఎంపీ గారి ద్వారా లోక్‌సభలోనూ అడిగించవచ్చా? ఇక రెండోది చెప్పడానికే ఇబ్బందిగా ఉంది. "ఢిల్లీలో ప్రశ్న పడేలా చూస్తాను, కొంత ఖర్చవుతుంది" అని ఒక పెద్దమనిషి మా సమావేశంలో అన్నారు. అటువంటి ఖర్చులు నిజంగా ఉంటాయా?

సమాధానం: ఢిల్లీ తెలుగు

నేను కొంతకాలం ఒక ఎంపీ గారి కార్యాలయంలో ప్రశ్నలు తయారు చేసే పని చేశాను, కాబట్టి ముందు మీ రెండో సందేహానికే సమాధానం చెబుతాను. ప్రశ్న నోటీసుకు రూపాయి కూడా రుసుము లేదు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసిన వ్యవహారం రహస్య చిత్రీకరణలో బయటపడి, 2005 డిసెంబరులో 11 మంది పార్లమెంటు సభ్యులను సభల నుంచి బహిష్కరించారు. వారిలో 10 మంది లోక్‌సభవారు, ఒకరు రాజ్యసభవారు. ఆ పెద్దమనిషికి ఒక నమస్కారం పెట్టి పంపించండి. సభ్యుడికి మీరు ఇవ్వవలసినది మీ కాగితాలు, మీ సంస్థకు ఈ విషయంలో స్వప్రయోజనం ఉందనే స్పష్టమైన మాట, అంతే.

ఇక లోక్‌సభ. రోజుకు నక్షత్ర గుర్తు గల ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 జాబితాలో చేరుతాయి. నక్షత్ర గుర్తు ప్రశ్నలకు మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద అక్కడికక్కడే వేసే అనుబంధ ప్రశ్నలకు వీలుంటుంది. కానీ ఆ గంటలో సాధారణంగా ఐదారింటికి మించి వంతు రాదు, మిగిలినవాటికి రాతపూర్వక సమాధానమే దక్కుతుంది. ఏ ప్రశ్న ముందుండాలో లాటరీ తేలుస్తుంది. నోటీసు కనీసం 15 పూర్తి రోజుల ముందు ఇవ్వాలి, ప్రశ్న 150 పదాలు మించకూడదు, వాదనలు గానీ వ్యంగ్యం గానీ ఆరోపణలు గానీ ఉండకూడదు, ఊహాజనితమైన సమస్యకు పరిష్కారం అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అది కేంద్ర ప్రభుత్వ బాధ్యత కిందికి వచ్చే విషయమై ఉండాలి. మీ షెడ్డు అనుమతి, తహసీల్దారు ధ్రువపత్రం అక్కడ అడిగితే "ఇది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనిది" అనే ఒక్క వాక్యంతో సరి.

అయితే స్టార్టప్ గుర్తింపు విషయం మాత్రం అచ్చంగా కేంద్రానిదే. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలైన నాటి నుంచి ఆ గుర్తింపు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ, నమోదైన భాగస్వామ్య సంస్థ వంటి రూపాలకే ఇస్తున్నారు. సొంత యాజమాన్య సంస్థకు ఇవ్వరు. చిన్న పట్టణాల్లో ఎక్కువమంది మొదలుపెట్టేది ఆ రూపంలోనే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80-ఐఏసీ మినహాయింపుకు (స్టార్టప్‌ల లాభాలపై పన్ను మినహాయింపు) గుర్తింపు ఒక్కటే చాలదు, మంత్రిత్వ శాఖల మధ్య ఏర్పరచిన బోర్డు విడిగా ధ్రువపత్రం ఇవ్వాలి. కాబట్టి ఎంపీ గారికి ఇలా రాసివ్వవచ్చు: గుర్తింపు పొందినవాటిలో ఎన్ని 80-ఐఏసీ ధ్రువపత్రానికి దరఖాస్తు చేశాయి, ఎన్నింటికి దక్కింది, తిరస్కరణకు ప్రధాన కారణాలేమిటి, తెలంగాణలో హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలను మినహాయిస్తే మిగిలిన జిల్లాలవారీ లెక్క ఎంత. రాష్ట్రమంతటి లెక్క అడిగితే హైదరాబాద్ చుట్టుపక్కల సంస్థలే అంకె నింపేస్తాయి. ఖమ్మం, ఆదిలాబాద్, నాగర్‌కర్నూల్ ఆ అంకె చాటున కనబడకుండా పోతాయి. గుర్తు లేని ప్రశ్నగా వేసినా చాలు. దానికి లాటరీలో ముందు వరుస దొరకాలన్న చింత ఉండదు, అంకెలున్న పట్టిక అనుబంధంగా వస్తుంది, అది సభ వెబ్‌సైటులో శాశ్వతంగా ఉంటుంది.

సమాధానంలో "పరిశీలనలో ఉన్నది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాము" అనే మాటలు వస్తే నిరాశ పడవద్దు. లోక్‌సభలో అటువంటి మాటను హామీగా నమోదు చేస్తారు. సాధారణంగా మూడు నెలల్లో నెరవేర్చాలి, ఆలస్యమైతే ప్రభుత్వ హామీల కమిటీ శాఖను పిలిచి అడుగుతుంది. చాలామంది తప్పించుకునే జవాబు అనుకుని వదిలేసే ఆ వాక్యమే ఒక్కోసారి మనకు మిగిలే పట్టు. రాష్ట్ర సభల్లోనూ హామీల కమిటీలు ఉన్నాయి. అక్కడ వెంటబడవలసిన బాధ్యత మాత్రం సభ్యుడి మీద ఎక్కువగా ఉంటుంది.

సమాధానం: పాత ప్రెస్ గ్యాలరీ

ఢిల్లీ మిత్రులు చెప్పినదానికి ఒక చేర్పు. మండలిలో మీ ప్రశ్నకు నక్షత్ర గుర్తు కోరమనే ఎమ్మెల్సీ గారికి చెప్పండి. జిల్లా లెక్కల పట్టిక ఎలాగూ రాతలో వస్తుంది, కానీ గడియారం ఆపే అధికారం ఏ ఉత్తర్వు ప్రకారం వచ్చిందో మంత్రి చేత నోటిమాటగా చెప్పించాలంటే అనుబంధ ప్రశ్న కావాలి. నలభై మంది సభ్యులున్న మన మండలిలో పట్టభద్రుల స్థానాలు మూడే. వారి ఓటర్లు మీలాంటి డిగ్రీ చదువుకున్న యువకులే కాబట్టి, ఈ విషయంలో ఆయనకు కూడా పట్టుదల ఉండటం సహజం.

ఆయనకు ఒక పేజీ మించని కాగితం ఇవ్వండి. పైన ప్రశ్న, కింద మీ దరఖాస్తు ప్రయాణం తేదీలతో సహా: ఎప్పుడు సమర్పించారు, ఏ రోజున ఏ కాగితం అడిగారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు. అధికారి పేరు రాయవద్దు. సభలో తన పక్షాన మాట్లాడుకోలేని వ్యక్తి పేరు ఎత్తితే చైర్మన్ గారు ఆపేస్తారు, సమయమంతా దానికే పోతుంది. చివరన రెండే రెండు అనుబంధ ప్రశ్నలు రాసిపెట్టండి. మొదటిది: దరఖాస్తు అందిన వారం రోజులలోపు లోపాలన్నీ ఒకేసారి చెప్పాలని, ఆ తరువాత కొత్తవి అడగరాదని ఉత్తర్వు ఇచ్చే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా? రెండోది: ఐపాస్ దరఖాస్తుకు జతచేయవలసిన ధ్రువపత్రం మరొక ప్రభుత్వ కార్యాలయంలోనే ఆగి ఉన్నప్పుడు ఆ జాప్యాన్ని దరఖాస్తుదారు ఖాతాలో వేస్తున్నారా, ప్రభుత్వ ఖాతాలో వేస్తున్నారా? రెండోదానికి మంత్రి వద్ద సిద్ధంగా జవాబు ఉండే అవకాశం తక్కువ కాబట్టి, "పరిశీలిస్తాము" అనే మాట రాబట్టవచ్చు. సభా కార్యక్రమాల రికార్డులో ఆ మాట ఉన్న పేజీ ప్రతిని తీసి, హామీల కమిటీకి ఎమ్మెల్సీ గారి లేఖతో పాటు జతచేయించండి.