'ది ఆఫీస్' చూస్తూ చెడ్డ బాస్‌ని క్షమించేస్తున్నామా?

కూకట్‌పల్లి కోడర్: అమెరికన్ 'ది ఆఫీస్' (2005–2013) మళ్ళీ మొదట్నుంచి చూస్తున్నాను. తెలియనివాళ్ళకి: పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఒక కాగితాల కంపెనీ బ్రాంచి, దాని మేనేజర్ మైకేల్ స్కాట్. ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడుస్తుంది, వెనకనుంచి నవ్వుల సౌండ్ ఉండదు. నవ్వొస్తోంది కానీ ఈసారి ఒక డౌటు. ఊరికే మీటింగులు పెట్టి, నోటికొచ్చింది వాగి, అందరి టైమూ తినేసే మనిషిని చివరికి "పాపం, మంచోడే" అనుకునేలా చేశారు. ఇది మన నెత్తినెక్కిన బాసులకు మనమే ఇచ్చే క్లీన్ చిట్ కాదా?

టీ బ్రేక్: సీరియల్ పాత్రకి కూడా అప్రైజల్ చేస్తారా గురూ? నవ్వి వదిలేయండి.

డాలస్ బావ: కోడర్ గారి డౌటులో విషయం ఉంది. 2001లో బీబీసీలో వచ్చిన అసలు 'ది ఆఫీస్'లో రికీ జెర్వైస్ వేసిన మేనేజర్ డేవిడ్ బ్రెంట్ మీద ఇంత జాలి చూపించలేదు, రెండో సిరీస్ చివర్లో ఉద్యోగం తీయొద్దని బతిమాలుకునేదాకా తీసుకెళ్ళారు. అది రెండు సిరీస్‌లు, 12 ఎపిసోడ్లు, ఆపైన క్రిస్మస్ స్పెషల్. అమెరికాలో 201 ఎపిసోడ్లు నడిపారు. చూడగానే ఒళ్ళు మండే మనిషిని అన్నేళ్ళు ఎవరు భరిస్తారు? అందుకే రెండో సీజన్లో 'ది క్లయింట్' లాంటి ఎపిసోడ్లు వచ్చాయి. పైఆఫీసు నుంచి వచ్చిన జాన్ పద్ధతిగా బిజినెస్ మాట్లాడబోతే, మైకేల్ క్లయింట్‌ని చిల్లీస్ రెస్టారెంట్‌కి తీసుకెళ్ళి, జోకులేసి, తినిపించి డీల్ కొట్టేస్తాడు. మేనేజర్‌గా సున్నా, సేల్స్‌లో మాత్రం మొనగాడు. మంచోడనిపించేది అక్కడే.

కూకట్‌పల్లి కోడర్: అదొక్కటే అయితే సరే. 'స్కాట్స్ టాట్స్' ఎపిసోడ్ సంగతేంటి? పదేళ్ళ క్రితం మూడో తరగతి పిల్లలకి "మీ కాలేజీ ఫీజులు నేను కడతా" అని మాటిచ్చాడు. వాళ్ళు పెద్దవాళ్ళై పాటలు పాడి థ్యాంక్స్ చెప్తుంటే, డబ్బుల్లేవని ఒప్పుకుని చేతిలో లాప్‌టాప్ బ్యాటరీలు పెడతాడు. లాప్‌టాప్‌లు కూడా కాదు! తిరిగొచ్చే దారిలో ఆఫీసు రిసెప్షనిస్ట్ ఎరిన్ ఓదారుస్తుంది, ఆ మాట వల్లే చాలామంది పిల్లలు చదువు మానకుండా నిలబడ్డారని. అంటే అబద్ధం చెప్పినా మంచే జరిగిందట! నాకు మింగుడుపడనిది ఈ ముగింపే.

మాజీ హెచ్ఆర్: ఆ ముగింపు నాకూ నచ్చలేదండీ. కానీ ఒక్క ఎపిసోడ్ పట్టుకుని మొత్తం సీరియల్‌ని అనొద్దు. మొదటి సీజన్లో 'హెల్త్ కేర్' చూడండి. పైనుంచి ఆర్డరు: చవకైన ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకో. చెడ్డపేరు తనకొద్దని మైకేల్ ఆ పని తన కింద పనిచేసే డ్వైట్ నెత్తిన పడేస్తాడు. డ్వైట్ ఉన్న సదుపాయాలన్నీ కోసేస్తాడు, పైగా ఎవరికే రోగముందో ఫారంలో రాయమంటాడు. తోటి ఉద్యోగులు జిమ్, పామ్ లేని రోగాలు కల్పించి రాస్తారు. మైకేల్ ఏమో సాయంత్రానికి సర్‌ప్రైజ్ అని చెప్పి, ఐస్‌క్రీమ్ శాండ్‌విచ్‌లతో సరిపెట్టబోతాడు. ఎవరూ ఒప్పుకోరు. చివరికి అందరూ ఎదురుచూస్తుంటే నోట మాట రాక అలా నిలబడిపోతాడు, ఒక్కొక్కరే లేచి ఇళ్ళకి వెళ్ళిపోతారు. ఇందులో బాస్‌ని క్షమించడం ఎక్కడుంది? అందరికీ నచ్చాలనుకునే బాస్ ఎంత నష్టం చేస్తాడో ఇంత సూటిగా ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. నేను అలాంటివి చాలా పెట్టాను కాబట్టి చెప్తున్నా.

టీ బ్రేక్: ఆ ఐస్‌క్రీమ్‌లు మా ఆఫీసులో సమోసాలు. ఈసారి ఇంక్రిమెంట్ లేదని చెప్పే రోజే తెప్పిస్తారు.

కూకట్‌పల్లి కోడర్: మరి తిన్నారా?

టీ బ్రేక్: తినక? వేడిగా ఉన్నాయి మరి.

డాలస్ బావ: చూశారా కోడర్ గారూ, క్లీన్ చిట్ ఇచ్చేసినట్టే.

టీ బ్రేక్: సమోసాకి ఇచ్చాను బావా, బాస్‌కి కాదు.